నీళ్లలో టేకు... కొమ్మన గబ్బిలం
రెక్కల బారు ఒకటే, ఏటికి బిడ్డా ఒకటే

ఒకటి ఉప్పునీళ్లు దాటి రాదు. ఇంకొకటి నేల మీద కాలు మోపడమే అరుదు. ఒకటి చేప. ఇంకొకటి మనలాగే పిల్లకు పాలిచ్చి పెంచే జంతువు. ఈ రెండింటికీ చుట్టరికం కలపాలంటే కోట్ల ఏళ్లు వెనక్కి వెళ్లాలి. అయినా పక్కపక్కన పెట్టి కొలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. రెక్కలు పూర్తిగా చాపిన పెద్ద గబ్బిలం ఈ కొసనుంచి ఆ కొసకు నాలుగు నుంచి అయిదు అడుగులు ఉంటుంది. మన తీరంలో దొరికే చిన్న కొమ్ము టేకు కూడా బాగా ఎదిగితే నాలుగడుగుల పైచిలుకే, అంటే 130 సెంటీమీటర్ల దాకా. కొలత ఒక్కటే కాదు, కాపురం తీరు కూడా ఒకటే. ఒక్క కాన్పుకు ఒక్క పిల్ల. ఆ పిల్లకు పాలు.

చేపకు పాలేంటి అంటారా? ఉన్నాయి. ఆ సంగతికి వచ్చేముందు పేరు సంగతి చెప్పుకోవాలి. ఎందుకంటే ఆ పేరు మనది.

విశాఖ జాలర్ల మాట.. లోకం నోట

రక్తపింజరిని ఇంగ్లీషులో రసెల్స్ వైపర్ అంటారు. ఆ రసెల్ దొర పేరు ప్యాట్రిక్. ఈస్టిండియా కంపెనీ దగ్గర పనిచేసిన వైద్యుడు. 1780లలో విశాఖపట్నంలో ఉండి పాములు, చేపలు, మొక్కలు చూసి రాసుకున్నాడు. పడవ ఒడ్డుకు రాగానే చేపలు తెప్పించుకుని, ఇక్కడి చిత్రకారులతో బొమ్మలు గీయించాడు. అలా గీయించిన రెండు వందల చేపలతో 1803లో లండన్‌లో రెండు సంపుటాల పుస్తకం వచ్చింది. అందులో దొర చేసిన మంచిపని ఒకటుంది. చేపలకు లాటిన్ పేర్లు తగిలించకుండా, జాలర్లు ఏమని పిలిస్తే అదే ఇంగ్లీషు అక్షరాల్లో రాసిపెట్టాడు. మన అక్షరాలు ఆయన చెవిలో పడి, ఆయన కలంలోంచి బయటికి వచ్చేసరికి కాస్త వంకర పోయాయి గానీ, మాట మాత్రం తెలుగే.

ఇప్పుడు మనం టేకు అంటున్న చేపల్ని ఆ పుస్తకంలో 'టెంకీ' అన్నాడు. ముట్టుకుంటే జిల్లుమని షాకు కొట్టే టేకు ఒకటుంది. దాని పేరు 'టెమెరీ' అని రాశాడు. చెయ్యి తిమ్మిరెక్కించే చేపకు తిమ్మిరి అనే పేరు కాక ఇంకేం పెడతారు! కొమ్ములున్న టేకు ఒకదానికి రాసుకున్న పేరు 'ఎరెగూడూ టెంకీ'.

తరవాత వచ్చిన శాస్త్రవేత్తలు ఆ పేరునే పట్టుకున్నారు. 1849లో థియొడార్ క్యాంటర్ ఆ చేపకు శాస్త్రీయ నామంలో 'ఎరెగూడూ' అని చేర్చాడు. పదేళ్లకు, 1859లో, డచ్చివాడు బ్లీకర్ ఇంకో అడుగు వేసి 'ఎరెగూడూటెంకీ' అని మొత్తంగా పెట్టేశాడు. ఎర్రసముద్రం నుంచి ఆస్ట్రేలియా దాకా ఎక్కడ ఈ చేప దొరికినా, ఏ దేశపు పండితుడు రాసినా, చాలాకాలం ఆ పొడుగాటి తెలుగు పేరే రాయాల్సి వచ్చింది.

మధ్యలో ఒక గండం కూడా గడిచింది. 2017-18 ప్రాంతంలో జన్యువులు పరీక్షించిన ఒక బృందం ఇది వేరే జాతి కాదని, కూల్ దొర పేరున్న మరో కొమ్ము టేకూ ఇదీ ఒకటేనని తేల్చింది. అంటే మన పేరు కొట్టేసినట్టే. మరికొందరు కొమ్ముల పొడవు, పళ్లు, జన్యువులు అన్నీ మళ్లీ సరిచూసి, కాదు, ఇది విడి జాతే అని 2020లో తిరిగి నిలబెట్టారు. అయితే ముందు పెట్టిన పేరుకే హక్కు అన్న నియమం ప్రకారం క్యాంటర్ పెట్టిన పొట్టి పేరు ఖాయమైంది. ఇప్పుడు దాని పూర్తి పేరు మొబ్యులా ఎరెగూడూ. టెంకీ అనే తోక తెగిపోయింది. పోతే పోయింది, తల దక్కింది.

సరిహద్దు దాటితే పేరు మారుతుంది. తమిళంలో టేకు జాతిని తిరుక్కై అంటారు, కొమ్ములున్నదాన్ని కొంబు తిరుక్కై అంటారు. కన్నడ తీరంలో తొరకె, మరాఠీలో పాకట్. గబ్బిలం కన్నడంలో బావలి, ఒడియాలో బాదుడి, మరాఠీలో వటవాఘూళ్, తమిళంలో వవ్వాల్. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. చెన్నై చేపల బజారులో వవ్వాల్ అని అడిగితే గబ్బిలం కాదు, మన చందువ చేప చేతికిస్తారు. టేకును చూస్తే గబ్బిలం గుర్తుకు రావాల్సింది పోయి, తమిళులకు చందువను చూస్తే గుర్తొచ్చింది మరి.

చేతులే రెక్కలు

గబ్బిలం రెక్క నిజానికి చెయ్యి. బొటనవేలు పైన కొక్కెంలా మిగిలి, తక్కిన నాలుగు వేళ్లూ గొడుగు ఊచల్లా సాగి, వాటి మధ్య పలుచటి చర్మం పరుచుకుంటే అదే రెక్క. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే వేలి కణుపులు కూడా లెక్కపెట్టొచ్చు. పాలిచ్చే జంతువుల్లో రెక్కలాడిస్తూ నిజంగా ఎగరగలిగేది గబ్బిలం జాతి ఒక్కటే.

టేకు రెక్క కూడా అలాంటి మార్పే. మామూలు చేపకు మొప్పల వెనక అటూ ఇటూ చిన్న విసనకర్రల్లా ఉండే ఈతరెక్కలే, టేకులో తలతో కలిసిపోయి పళ్లెంలా విచ్చుకున్నాయి. లోపల గట్టి ఎముక లేదు, మన చెవి డొప్పలో ఉండే మెత్తటి ఎముక లాంటిదే వరసగా ఊచలు పేర్చినట్టు ఉంటుంది. ఇసకలో పడుకునే టేకులు ఆ అంచుల్ని అలలా ఆడిస్తూ జారిపోతాయి. కొమ్ము టేకు అలా కాదు. పైకీ కిందకీ రెక్కలు కొడుతూ పోతుంది. అది ఈత అనడం కన్నా ఎగరడం అంటేనే సరిపోతుంది. ఈ కుటుంబం చేపలు ఒక్కోసారి నీళ్లలోంచి బయటికి ఎగిరి దభీమని పడతాయి కూడా.

దాని కొమ్ములు పొడిచేవి కావు. అవి రెక్కల ముందుభాగం నుంచి విడివడిన రెండు పాయలు. తిరిగేటప్పుడు చుట్టచుట్టి ఉంచుకుంటుంది, తినేటప్పుడు విప్పి నీటిని నోట్లోకి తోలుకుంటుంది. ఆ చుట్టిన కొమ్ములు చూసే ఇంగ్లీషువాళ్లు దెయ్యపు చేప అని పేరు పెట్టారు. పాపం, అది తినేది కంటికి ఆననంత చిన్న రొయ్య పిల్లలు, తేలాడే సన్నజీవాలు. నోటినిండా నీరు పట్టి మొప్పల్లోంచి వదిలేస్తే, అక్కడి జల్లెడ లాంటి పలకలకు తగిలి ఆహారం లోపల మిగులుతుంది.

గబ్బిలానిదీ ఒకరకం వడపోతే. పండు ముక్కను నోట్లో పెట్టుకుని నాలుకతో అంగిటికి నొక్కి రసం మింగి, పిప్పి ఉమ్మేస్తుంది. మర్రి, రావి, మేడి లాంటి సన్న గింజలు రసంతోపాటు కడుపులోకి పోయి, ఎగురుతూ ఎగురుతూ ఎక్కడో రాలతాయి. గోడ పగుల్లో, తాటిచెట్టు మట్టల మధ్య మొలిచిన మర్రి మొక్క చూసినప్పుడు అది పక్షి వేసిందో గబ్బిలం వేసిందో చెప్పడం కష్టం. ఇప్పపూల మీద వాలినప్పుడు మూతికి పుప్పొడి అంటుకుంటుంది. దాన్ని ఇంకో చెట్టుకు మోసుకెళుతుంది.

ఇంద్రియాల దగ్గర మాత్రం లోకం ఒకటి అనుకుంటే నిజం ఇంకొకటి. గబ్బిలం గుడ్డిదని, చప్పుడు చేసి ప్రతిధ్వని విని దారి పడుతుందని బడిలో చెబుతారు. ప్రతిధ్వనితో దారి పట్టడం ఇళ్లలో, గుళ్లలో ఉండి పురుగులు తినే చిన్న గబ్బిలాల సంగతి. చెట్టుకు వేలాడే పెద్ద గబ్బిలానికి ఆ విద్య లేదు. పెద్ద కళ్లు, పదునైన ముక్కు, వాటితోనే రాత్రంతా తిరుగుతుంది. తెలుగులో రెండింటికీ ఒకే పేరు ఉండటంతో వచ్చిన చిక్కు ఇది. అలాంటి ఆరో జ్ఞానం ఏదైనా ఉందంటే అది టేకుకే ఉంది. సొరలకూ టేకులకూ చర్మంలో జిగురు నిండిన సన్నని రంధ్రాలుంటాయి. పక్కన ఇంకో జీవి కండరం కదిలితే పుట్టే కొద్దిపాటి విద్యుత్తును వాటితో పసిగడతాయి.

కడుపులోనే పాలు

వంజరం లాంటి చేప ఒక్కసారికి లక్షల గుడ్లు వదులుతుంది. వాటిలో వేలకొద్దీ పోయినా సముద్రానికి లోటు లేదు. టేకు పద్ధతి వేరు. గుడ్డు తల్లి కడుపులోనే చితుకుతుంది. పిల్ల మొదట సొనతో పెరుగుతుంది. సొన అయిపోయాక తల్లి గర్భాశయం గోడ నుంచి దారాల్లాంటి పోగులు బయలుదేరి, కొవ్వు నిండిన చిక్కటి ద్రవం ఊరుస్తాయి. చూడటానికి పాలలాగే ఉంటుంది, శాస్త్రవేత్తలు కూడా గర్భపాలనే అంటారు. పిల్ల ఆ పాలు తాగుతూ, రెక్కలు మొవ్వాకులా చుట్టుకుని, నెలల తరబడి లోపలే ఉంటుంది. కొమ్ము టేకుల కుటుంబంలో చూలు ఇంచుమించు ఏడాది. ఒక్కటే పిల్ల. పైగా ఏటా కనాలన్న నియమం లేదు. రెండు మూడేళ్లకొకసారి కనేవీ ఉన్నాయి. పుట్టిన పిల్ల మాత్రం తల్లిలో మూడో వంతు వెడల్పుతో, పుట్టగానే తన బతుకు తాను బతకగలిగేటట్టు ఉంటుంది.

గబ్బిలానికి చూలు అయిదు నెలలు. ఎండలు ముదిరే ముందు, ఫిబ్రవరి నుంచి మే లోపు, ఎక్కువగా ఒక్క పిల్లే పుడుతుంది. తల్లి తలకిందులుగా వేలాడుతూనే కని, రెక్కల్లో పట్టుకుంటుంది. మొదటి కొన్ని వారాలు పిల్లను పొట్టకు కరిపించుకునే మేతకు వెళుతుంది. తరవాత చెట్టు మీదే వదిలి వెళ్లి, తిరిగొచ్చి గుంపులో తన పిల్లనే వెతుక్కుని పాలిస్తుంది. బోనులో పెంచిన పెద్ద గబ్బిలం ముప్పై ఏళ్లు దాటి బతికిన దాఖలా ఉంది. బయట అంత ఆయుష్షు ఉండదు. ఎంత బతికినా ఏడాదికొకటే కాబట్టి, ఒక చెట్టు మీది గుంపులో సగం పోతే ఆ సగం పూడటానికి ఏళ్లు పడుతుంది.

తీరంలో బాలింతలకు పాలు పడతాయని సొర పుట్టు, టేకు కూర పెడతారు. తమిళ తీరంలోనూ ఇదే నమ్మకం. పాలకోసం తినే చేప తానే పాలిచ్చే తల్లి అని పొయ్యి దగ్గర ఎవరికీ తట్టి ఉండదు. గబ్బిలానిదీ ఇలాంటి తలరాతే. దాని మాంసం, కొవ్వు నూనె ఉబ్బసానికి మందని కొన్నిచోట్ల వేటాడతారు. ఉబ్బసం తగ్గుతుందని వైద్యం ఎక్కడా రుజువు చేయలేదు.

ముల్లు భయం, రోగం భయం

భయాలు ఉత్తవి అని కొట్టిపారేయడానికీ లేదు. టేకుల్లో చాలావాటికి తోక మీద రంపం పళ్ల ముల్లుంటుంది, దానికి విషం పూత. 2006లో ఆస్ట్రేలియా టీవీ మొనగాడు స్టీవ్ ఇర్విన్ గుండెలో దిగింది అదే. తీరంలో లోతు తక్కువ నీళ్లలో నడిచేవారు పాదం ఎత్తి వేయకుండా ఇసకలో ఈడుస్తూ నడిస్తే చేప ముందే తప్పుకుంటుంది. గుచ్చుకుంటే, చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఆ భాగాన్ని గంటదాకా ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఆ విషం వేడికి చెడిపోయే రకం. ముల్లు ముక్క లోపల ఉండిపోతే, ఛాతీకి పొట్టకు తగిలితే మాత్రం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికే. చిత్రం ఏంటంటే, దెయ్యం అని పేరు పడిన ఎరెగూడూకు ఆ ముల్లే లేదు.

గబ్బిలం విషయంలో భయం పేరు నిపా. 2018లో కేరళలోని కోళికోడ్, మలప్పురం జిల్లాల్లో 17 మంది చనిపోయారు. ఆ వైరస్‌కు సహజ నివాసం ఈ పెద్ద గబ్బిలాలే. బంగ్లాదేశ్‌లో అది మనుషులకు ఎక్కువగా అంటింది పచ్చి ఈతరసం ముంతల ద్వారా. రాత్రిపూట గబ్బిలాలు ముంత అంచున వాలి తాగుతాయి, ఉచ్చ పోస్తాయి. వెదురు దడి అల్లి గీత చుట్టూ కట్టిన చోట గబ్బిలాలు దాని జోలికి రాలేదని అక్కడే తేలింది. మనవైపు కల్లు గీసేవాళ్లు కూడా ముంతకు మూత కట్టుకోవడం మంచిది. కొరికి పడేసిన జామ, మామిడి పిల్లల చేతికి ఇవ్వకూడదు. ఇంతవరకూ జాగ్రత్త. చెట్టు కొట్టేయడం, టపాకాయలు పేల్చి తోలడం జాగ్రత్త కిందికి రాదు. చెదిరి, మేత దొరక్క నీరసించిన గబ్బిలాలే వైరస్‌ను ఎక్కువగా వదులుతాయని ఆస్ట్రేలియాలో ఇలాంటి మరో వైరస్ మీద జరిగిన పరిశోధనల్లో కనిపించింది.

గబ్బిలం మీద చీదర మనకు పాతదే. గుర్రం జాషువా 1941లో 'గబ్బిలం' కావ్యం రాసినప్పుడు, గుడి గడప తొక్కనివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్నే పంపాడు. మనిషికి లేని ప్రవేశం దానికుంది కాబట్టి.

చట్టం లెక్క వేరు

1972 వన్యప్రాణి చట్టంలో అయిదో షెడ్యూలు అని ఒకటుండేది. పీడ జంతువుల జాబితా అన్నమాట. కాకి, ఎలుక, చుంచు... వాటి పక్కనే పండ్లు తినే గబ్బిలం. చంపినా అడిగే నాథుడు లేడు. 2022లో చట్టాన్ని సవరించి ఆ షెడ్యూలునే తీసేశారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. యాభై ఏళ్లు ఎలుకల సరసన కూర్చోబెట్టిన జంతువు గురించి ఈ మాట ఊళ్లలో చాలామంది చెవిన ఇంకా పడలేదు.

టేకుల మాటకొస్తే 2001లో కొన్ని సొరలను, కొన్ని టేకులను మొదటి షెడ్యూలులో చేర్చారు. పెద్ద కొమ్ము టేకులు 2013లో, చిన్నవి కూడా కలిపి కుటుంబం మొత్తం 2016లో అంతర్జాతీయ వాణిజ్యాన్ని అదుపు చేసే ఒప్పందం జాబితాలోకి వెళ్లాయి. కారణం మాంసం ఒక్కటే కాదు. మొప్పల్లోని ఆ జల్లెడ పలకలను ఎండబెట్టి చైనా మందుల బజారుకు పంపడం. ఎరెగూడూను ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం అంతరించే ముప్పున్న జాతిగా లెక్కగట్టింది.

ఎవరూ దానికోసమని వల వేయరు, అదీ నిజమే. వంజరానికో, సూరకో వేసిన వలలో వచ్చి పడుతుంది. ఇసకలో పడుకునే టేకు వలలో కొంతసేపు ఓర్చుకుంటుంది. కొమ్ము టేకు అలా కాదు, ముందుకు ఈదుతుంటేనే మొప్పల్లోకి నీరు పారుతుంది. వల పట్టేస్తే ఊపిరాడదు. తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట ఆపుతారు. గుడ్లు పెట్టే చేపలకు అది ఊరట. ఏడాది పొడవునా కడుపుతో తిరిగే చేపకు ఆ రెండు నెలలు ఏ మూలకు? పూరీ పెంఠకోట నుంచి యానాం దాకా తెలుగు జాలర్ల వాడలున్న తీరమంతా ఇదే సముద్రం, ఇవే వలలు. పూటగడవని రోజున వలలో పడ్డ నాలుగడుగుల చేపను వదిలేయమని చెప్పడం ఒడ్డున కూర్చున్నవాళ్లకు తేలికే. ప్రాణంతో ఉంటే వదిలే పద్ధతి ఒకటుంది. కొమ్ములు పట్టి గానీ, మొప్పల చీలికల్లో చేతులు పెట్టి గానీ, తోక పట్టి గానీ ఎత్తకూడదు. కొక్కెం దించకూడదు. రెక్కల మొదళ్ల దగ్గర ఇద్దరు పట్టుకుని నీళ్లలోకి జారవిడిస్తే బతికే అవకాశం ఉంటుంది.

గబ్బిలాలకు ఈమధ్య కొత్త శత్రువు ఎండ. వేడెక్కితే రెక్కలతో విసురుకుంటాయి, ఒళ్లు నాక్కుంటాయి. అంతకు మించితే తట్టుకోలేవు. 2020 మేలో ఉత్తరప్రదేశ్ గోరఖ్‌పూర్ జిల్లా బేల్‌ఘాట్‌లో తోటలో గబ్బిలాలు కుప్పలుగా రాలిపడితే, కరోనా రోజులు కావడంతో ఊరు ఊరంతా వణికింది. బరేలీ పశువైద్య పరిశోధన సంస్థ పరీక్షించి, వైరస్ కాదు, వడదెబ్బ అని చెప్పింది. పిల్లతల్లులు పొట్టకు పిల్లను కరుచుకుని ఉండే నెలలు కూడా అవే.

చెట్టు నీడ, దగ్గర్లో చెరువు ఉన్నచోట అవి తరతరాలు ఒకే తావు పట్టుకుని ఉంటాయి. తమిళనాడు సేలం జిల్లాలో వవ్వాల్ తోప్పు అని ఒక పల్లె ఉంది. గబ్బిలాల తోపు అని అర్థం. మర్రిమాను మీది గబ్బిలాలు బెదిరిపోతాయని అక్కడివాళ్లు దీపావళికి టపాకాయలు కాల్చరు.